క్రమవిరమణము: నల్లమందు నుండి నిద్రమాత్ర వరకు

దేవనహళ్ళి మీదుగా ఉత్తరమునకు సాగు రాజమార్గము అనంతపురము, కర్నూలు, మహబూబునగరు సీమలను దాటి హైదరాబాదు చేరి, ఆపై ఆదిలాబాదు వరకు పోవుచున్నది. ఇచ్చటి తెలుగువారిలో పెక్కుమందికి అది పుట్టినూరికి పోవు త్రోవ. ఆ త్రోవ వెంబడి జిల్లాలలో 2015వ సంవత్సరమున జరిగిన యొక సంఘటన, వైద్యుడు వ్రాసి యిచ్చిన నిద్రమాత్రను మానదలచు ప్రతి గృహస్థునకును పాఠము వంటిది. దానిని గ్రహించుటకు మునుపు అంతకంటె పాతదైన మరియొక చరిత్రను స్మరింపవలసి యున్నది.

నల్లమందు మన దేశమున నొకనాడు ఇంటింటి యౌషధము. నొప్పులకును, అతిసారమునకును దానిని వాడుచుండిరి. అలవాటు పడినవారు సర్కారు లైసెన్సు గల దుకాణములలో కొనుచుండిరి. 1949లో జరిగిన అఖిల భారత నల్లమందు సమావేశము, వైద్యేతర వినియోగమును పదియేండ్లలో అంతమొందింప తీర్మానించెను. ఇందు గమనింపదగినది పద్ధతి. దుకాణములను మరునాడే మూయలేదు. సరఫరాను ఏటేట నూటికి పది వంతున తగ్గించిరి. 1959 మార్చి 31తో గడువు ముగిసెను. ఆ పిమ్మట సైతము నమోదైన అలవాటుపరులకు వైద్యుల ధ్రువీకరణపై కొంత లభించు ఏర్పాటు నిలిచెను. దొంగచాటు వ్యాపారము పూర్తిగా నశింపలేదన్నది నిజమే. అయినను అలవాటు పడిన శరీరమునకు గడువు కావలెనను వివేకము ఆ పథకమున కలదు.

ఆ కాలముననే పాశ్చాత్య దేశములలో నిద్రమందుల చరిత్ర సాగుచుండెను. 1903లో వెరొనాల్ అను బార్బిట్యురేటు అంగడికి వచ్చెను. అట్టి మందులను ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, చిత్తభ్రమ కలుగునని అమెరికాలో హారిస్ ఇస్బెల్ ప్రభృతులు 1950లో నిరూపించిరి. వానికి మారుగా లియో స్టెర్న్‌బాక్ కనుగొనిన లిబ్రియం 1960లోను, వాలియం 1963లోను వెలువడినవి. ఇవి నిరపాయకరములని లోకము సంతోషించెను. కాని పెద్ద మోతాదులో లిబ్రియం వాడినవారికి దానిని హఠాత్తుగా నిలిపినచో విరమణ బాధలు కలుగుచున్నవని లియో హాలిస్టర్ 1961లోనే ప్రకటించెను. ఆ హెచ్చరిక పెక్కుమంది చెవి కెక్కలేదు.

ఇక 2015 నాటి సంగతి. తెలంగాణమున కొన్ని జిల్లాలలో కల్లునందు క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలామ్ కలుపుట చాలకాలముగా నున్న దురాచారము. డైజిపామ్ అనగా వాలియమే. ఆ సంవత్సరము సెప్టెంబరు ప్రాంతమున అబ్కారీ శాఖవారి దాడులు ముమ్మరమైనవి. మత్తుమందు కలిపిన కల్లు లభించుట తగ్గెను. కల్తీ నరికట్టుట ధర్మమే. కాని దినదినము ఆ కల్లు త్రాగిన కూలీలు, స్త్రీలు, వృద్ధులు చేతులు వణకి, నిద్ర పట్టక, మూర్ఛలు వచ్చి, లేనివి కన్నట్లు పలవరించుచు నిజామాబాదు, మహబూబునగరు మొదలగు చోట్ల ఆసుపత్రులలో చేరిరి. వారిని పిచ్చివారనిరి, తాగుబోతులనిరి. వారి బాధ వైద్యుని చీటీపై అదే మందును కొని, అకస్మాత్తుగా మానిన పెద్దమనిషి బాధకంటె వేరు కాదు.

కారణము సులభగ్రాహ్యము. మెదడునందు ఉద్రేకమును అణచు గాబా అను పదార్థమునకు ఈ మందులు బలము నిచ్చును. నెలల తరబడి ఊతకఱ్ఱ దొరకినచో మెదడు తన శక్తిని తగ్గించుకొనును. ఊతను లాగివేసినచో ఉద్రేకము కట్టు తెంచుకొనును. ఇది మనోదౌర్బల్యము కాదు, శరీరధర్మము.

ఇంగ్లండునందు న్యూకాసిలు పట్టణమున హెదర్ ఆష్టన్ 1982 మొదలు 1994 వరకు ఇట్టి రోగుల కొరకు ప్రత్యేక చికిత్సాలయము నడపి, మెల్లమెల్లగా తగ్గించు మార్గమును గ్రంథస్థము చేసెను. 2025లో అమెరికా వైద్యసంఘములు ప్రకటించిన సూత్రములును అట్టివే: తొలుత రెండు మొదలు నాలుగు వారముల కొకమారు నూటికి 5 లేక 10 వంతులు తగ్గించుట, రెండు వారములలో 25 వంతులు మించకుండుట. బాధ హెచ్చినచో ఆ మెట్టుననే కొంతకాలము నిలువవచ్చును. ఎవరి కెంత యను నిర్ణయము మాత్రము వైద్యునిదే.

తగ్గించు దినములలో నిద్ర చెడుట, గుండెదడ, చిరాకు కొంత సహజము. నిత్యము ఒకే వేళకు లేచుట, సాయంకాలపు కాఫీ మానుట, మద్యమును దూరముంచుట మేలుచేయును. ఊరికి పోవునపుడు మాత్రలు మరచుట సైతము హఠాత్తుగా మానుటయే యగును. చీటీని, చాలినన్ని మాత్రలను వెంట నుంచుకొనవలయును. మూర్ఛయో, తెలివి తప్పిన పలవరింతయో కలిగినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. దేవనహళ్ళి వారికి బెంగుళూరునందలి నిమ్హాన్స్ సమీపముననే యున్నది. 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఫోను చేసియు సలహా పొందవచ్చును.

నల్లమందునకు ప్రభుత్వము పదియేండ్ల గడు విచ్చెను. మన యింటి వృద్ధురాలు రాత్రి మ్రింగు చిన్న మాత్రకు కొన్ని నెలల గడు విచ్చుటకు మనము వెనుదీయ రాదు. ఆమె చేతి నుండి మాత్రను లాగికొనుట శ్రేయము గాదు. ఆమెను వెంటబెట్టుకొని వైద్యుని కడకు పోవుటయే శ్రేయము.