పాఠంలోకి రాని మాటలు

షేక్‌స్పియర్ ‘ఐదవ హెన్రీ’ నాటకంలో (సుమారు 1599) ఫ్రెంచి రాకుమారి కాథరిన్ తన పరిచారిక దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే రంగం ఒకటుంది. చెయ్యి, వేళ్లు, మోచెయ్యి అంటూ సాఫీగా సాగిన పాఠం పాదం, గౌను దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఆ రెండు ఇంగ్లీషు మాటలూ ఆమె చెవికి ఫ్రెంచి బూతుల్లా వినిపిస్తాయి. పెద్దమనుషుల ముందు ఇలాంటివి పలకనంటుంది. అంటూనే ఆ రెండిటితో సహా పాఠమంతా గడగడా ఒప్పజెబుతుంది.

దానికి ఒక ఏడాది ముందే, 1598లో, ఇటాలియన్ పాఠాలు చెప్పే జాన్ ఫ్లోరియో తన ఇటాలియన్-ఇంగ్లీషు నిఘంటువులో ఎఫ్‌తో మొదలయ్యే నాలుగక్షరాల ఇంగ్లీషు బూతుమాటను మొహమాటం లేకుండా అచ్చువేశాడు. సాటి మాటలు కూడా వరసగా పేర్చాడు. 1721లో నేథన్ బెయిలీ దగ్గరికి వచ్చేసరికి మాట ఇంగ్లీషులో, అర్థం లాటిన్‌లో! బాగా చదువుకున్న మగవాళ్లకు తప్ప తెలియరాదన్నమాట. ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు 1890లలో ఎఫ్ అక్షరం దాటుతూ దాన్ని వదిలేసింది, 1972 అనుబంధ సంపుటంలో గానీ చేర్చలేదు. ఈలోగా 1960లో ‘లేడీ చాటర్లీస్ లవర్’ నవల మీది అశ్లీలత కేసు గెలిచిన పెంగ్విన్ సంస్థ, 1965లో తెచ్చిన నిఘంటువులో ధైర్యం చేసింది. (ఈ వ్యాసమూ ఆ మాట రాయకుండానే నెట్టుకొస్తోందని పాఠకులు ఈపాటికి పట్టేసే ఉంటారు.)

పరాయిభాషగా ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు ఇలాంటి మాటలను ‘టాబూ’ అన్న హెచ్చరిక తగిలించి ఇచ్చింది. నా లెక్కన ఆ హెచ్చరికే అసలు పాఠం. మాటదేముంది, సినిమాలో దొరుకుతుంది. ఎవరితో అంటే నవ్వేసి ఊరుకుంటారు, ఎవరితో అంటే ఉద్యోగం ఊడుతుంది అన్నది సినిమా చెప్పదు. 1980లో అమెరికాలో ఎలిజబెత్ క్లేర్ రాసిన ‘డేంజరస్ ఇంగ్లిష్’ కూడా ఈ అవసరం కోసం పుట్టిన పుస్తకమే. డాక్టరు ముందు కూర్చున్న వలసజీవికి ఒంటి భాగాలకు మర్యాద పేర్లేవో, వీధి పేర్లేవో తెలియకపోతే ఇబ్బంది ఎవరిది?

నిఘంటువులు తలుపు తీశాక కోర్సు పుస్తకాలు వేసుకున్నాయి. ఒకే పుస్తకాన్ని పదుల దేశాల్లో అమ్మే వ్యాపారం పెరిగేకొద్దీ, రచయితలు ముట్టుకోకూడని విషయాల జాబితా ఒకటి చలామణీలోకి వచ్చింది: రాజకీయాలు, మద్యం, మతం, సెక్స్, మాదకద్రవ్యాలు, ఇజాలు, పందిమాంసం. ఇంగ్లీషులో వీటి మొదటి అక్షరాలు కలిపితే ‘పార్స్‌నిప్’, అంటే క్యారెట్ జాతి దుంప. దీన్ని సిగ్గు అనుకుంటే పొరపాటు, ఇది బేరం. ఒక దేశంలో అభ్యంతరం వస్తే అన్ని దేశాల పుస్తకంలోంచీ ఆ పేజీ ఎగిరిపోతుంది. మిగిలేది సెలవుల ప్రయాణం, ఇష్టమైన వంటకం, వాతావరణం. ఓటేసే, అప్పులు తీర్చే, విడాకుల కోర్టుకు తిరిగే నలభై ఏళ్ల మనిషి తరగతిలో కూర్చుని తన హాబీల గురించి వాక్యాలు రాస్తాడు. ఈ పుస్తకాల్లో స్వలింగ ప్రేమికులు ఒక్కరూ కనిపించరేమని ఇంగ్లీషు బోధన మీద రాసే స్కాట్ థోర్న్‌బరీ 1999లో నిలదీశాడు. ప్రచురణకర్తల ఈ జాగ్రత్తల మీద పరిశోధకుడు జాన్ గ్రే 2002లో వివరంగా రాశాడు.

తిరుగుబాటు పక్కదారుల్లోనే నడిచింది. 2001లో మెకాండ్రూ, మార్టినెజ్ తెచ్చిన ‘టాబూస్ అండ్ ఇష్యూస్’ జెరాక్స్ తీసుకునే పాఠాల సంపుటి. ఏది చెప్పాలో, ఏది వదలాలో టీచరే తేల్చుకోవచ్చు. 2012లో మెడింగ్స్, క్లాండ్‌ఫీల్డ్ ఇదే దారిలో ‘52’ అనే తమ పుస్తకాన్ని ఈ-బుక్‌గా తెచ్చారు.

మళ్లీ బూతుమాటల దగ్గరికే వస్తే, భాషాశాస్త్రజ్ఞుడు జాన్-మార్క్ డెవేల్ 2004లో వెయ్యిమందికి పైగా బహుభాషుల జవాబులు పరిశీలించి, బూతుమాట ఘాటు మాతృభాషలోనే ఎక్కువగా తగులుతుందని తేల్చాడు. మనకిది కొత్తేమీ కాదు. నాన్న ఎదుట తెలుగు బూతు నోట రానివ్వని కుర్రాడు హైదరాబాద్ ఆఫీసులోనో డాలస్‌లోనో అంతకు తగ్గని ఇంగ్లీషు మాటను ఊతపదం చేసుకుంటాడు. తనకు అది తేలిక. ఎదుటివాడి మాతృభాష ఇంగ్లీషే అయితే వాడికి మాత్రం పూర్తి ఘాటుతోనే తగులుతుంది. ఈ తేడా చెప్పడానికి టీచరు ఆ మాటను ఒక్కసారైనా బోర్డు మీద రాయాలి. అందుకు చాలా సంస్థల్లో ఇప్పటికీ అనుమతి అడగాల్సిందే.