బొడ్డుతాడు రక్త పరీక్షలు

కాన్పు కాగానే బొడ్డుతాడు నుంచి సేకరించిన రక్తంతో నవజాత శిశువుకు చేసే పరీక్షలు. మూలకణాల కోసం ఈ రక్తాన్ని భద్రపరిచే వ్యాపారం వేరు. బిడ్డను గుచ్చకుండానే కావలసినంత రక్తం దొరకడం వీటిలోని సౌలభ్యం. ప్రతి బిడ్డకూ చేయాలా అన్నది మాత్రం పరీక్షను బట్టి ఉంటుంది.

ఆమ్ల-క్షార స్థితి: న్యూయార్క్‌లో స్టాన్లీ జేమ్స్, వర్జీనియా ఆప్గార్ తదితరులు 1958లో ప్రచురించిన పరిశీలన దీనికి పునాది అంటారు. ధమని రక్తం బిడ్డ స్థితిని, సిర రక్తం మాయ స్థితిని చూపుతాయి కనుక రెండూ తీయడం మేలు. ధమని రక్తంలో పీహెచ్ 7.00 కన్నా తక్కువగా, క్షార లోటు లీటరుకు 12 మిల్లీమోల్స్ లేదా అంతకు మించి ఉంటే ప్రసవ సమయంలో ఆక్సిజన్ తీవ్రంగా తగ్గి ఉండవచ్చని 1999 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయం. అలాంటి బిడ్డల్లోనూ ఎక్కువమంది మామూలుగానే ఎదుగుతారు. బ్రిటన్ మార్గదర్శకాలు దీన్ని అందరికీ కాక, అనుమానం ఉన్న కాన్పులకే సూచిస్తాయి. ఆ వైఖరే సబబుగా కనిపిస్తుంది.

రక్త గ్రూపు, కూంబ్స్ పరీక్ష (1945; బిడ్డ ఎర్రకణాలకు తల్లి యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసేది): తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే తప్పనిసరి, బిడ్డ పాజిటివ్ అని తేలితే తల్లికి 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి. గర్భంలో ఉండగానే ఆ ఇంజెక్షన్ పడితే బిడ్డకు కూంబ్స్ పరీక్ష స్వల్పంగా పాజిటివ్ రావచ్చు. తల్లిది ‘ఓ’ గ్రూపు అయితే, కామెర్లపై నిఘా ఉన్నచోట ఇది ఐచ్ఛికమేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2004లో పేర్కొంది.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్): అందరికీ చేయదగినది బహుశా ఇదొక్కటే. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం బయటికి కనబడదు. మందు ఆలస్యమైతే బుద్ధిమాంద్యం మిగులుతుంది. భారత్‌లో దీని తరచుదనంపై లెక్కలు కలవవు. హైదరాబాద్ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులపై జరిగిన అధ్యయనం (2004) సుమారు 1,700 మందికి ఒకరంటే, లక్షకు పైగా శిశువులను చూసిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) బృందం 1,130కి ఒకరంది. పరిధి పెద్దది కనుక రెండోదానికే మొగ్గు. పుట్టిన అరగంటకల్లా టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బొడ్డుతాడు నమూనాకు ఆ చిక్కు లేదు, పైగా తల్లీబిడ్డలు త్వరగా ఇంటికి వెళ్లిపోయే ఆసుపత్రుల్లో దొరికే అవకాశం ఇదే. భారతీయ మార్గదర్శకాల ప్రకారం లీటరుకు 20 మిల్లీయూనిట్లు దాటితే బిడ్డను మళ్లీ పిలిపించాలి. కష్టమైన కాన్పుల్లో అంకె ఊరికే పెరగవచ్చు. నెలలు నిండని బిడ్డల్లో లోపం ఆలస్యంగా బయటపడుతుంది కనుక మరోసారి చూడాలి. ఫినైల్‌కీటోన్యూరియా వంటి జీవక్రియా లోపాలను ఈ రక్తం పట్టివ్వదు, పుట్టేదాకా ఆ భారాన్ని తల్లి శరీరమే మోస్తుంది. వాటికి మడమ నుంచి తీసే రక్తమే కావాలి.