మన ఇంట్లో వేస్ట్ ఏముంది బాబాయ్?



పోయిన భాగంలో 1877 కరువు దగ్గర, బకింగ్‌హాం కాలవ మట్టి పనుల దగ్గర ఆగాం. ఈ వారం అక్కణ్ణుంచే అందుకోవాలి. కానీ మా అన్న కూతురు అడిగిన ఒక్క మాట నన్ను వేరే దారిలో పెట్టింది. కాలవ ఎక్కడికీ పోదు. ముందు ఈ సంగతి.

పాప ఏడో తరగతి. టౌన్లో ఒక ప్రైవేటు బడి. డిసెంబరు వచ్చేసరికి వాళ్ళకో పోటీ ఉంటుంది. ఇంట్లో పనికిరాకుండా పడున్న వాటితో ఒక కానుకో, గోడకి తగిలించే అలంకారమో చేసి తేవాలి. దాని పేరు ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’. పాప ఫోన్ చేసి అడిగింది: “మన ఇంట్లో వేస్ట్ ఏముంది బాబాయ్?” నేను ఆలోచించేలోపే ఇంకో మాట అంది. “తోలు కాకుండా.”

తోలు ఎందుకు వద్దే అంటే చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పింది. పోయినేడు వాళ్ళ తాత (మా నాయన) పెట్టెలోంచి తోలు ముక్కలు ఏరుకుని, ఆయన పక్కనే కూర్చుని, చిల్లర డబ్బులు వేసుకునే చిన్న సంచి కుట్టింది. అంచుకి అల్లిక కూడా వేసింది. బడికి తీసుకెళ్తే టీచరు ఒకావిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వాసన వస్తుందేమోనని కిటికీ దగ్గర పెట్టించింది. మిగతా పిల్లలవన్నీ బల్ల మీద. ప్లాస్టిక్ సీసాలు, ఐస్‌క్రీం పుల్లలు, పెళ్ళి కార్డులు. దీనిది మాత్రం కిటికీలో. ఆవిడ కులం పేరు ఎత్తలేదు, ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. పాప ఏడాదిపాటు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

అందుకే ఈ భాగం మిగిలిపోయిన వాటి చరిత్ర. చేతికి అందిన దానితో ఏదో ఒకటి చేసుకోవడం ఇవాళ గొప్ప విద్య అంటున్నారు, యూట్యూబ్‌లో వీడియోలు పెడుతున్నారు. మంచిదే. కానీ ఎవరి చేతికి ఏది అందాలో ముందే ఎవరో నిర్ణయించిన దేశం మనది. మనుస్మృతి పదో అధ్యాయం 51, 52 శ్లోకాలు చూడండి. చండాలురు ఊరి బయట ఉండాలి. చచ్చినవాళ్ళ మీది గుడ్డలే కట్టుకోవాలి. పగిలిన కుండపెంకుల్లో తినాలి. ఒంటిమీద పెట్టుకుంటే ఇనుమే పెట్టుకోవాలి. అంటే ఒక మనిషికి అలంకారం ఉండొచ్చా ఉండకూడదా అనే దగ్గర కూడా ఆగలేదు. ఉంటే ఏ లోహంతో ఉండాలో కూడా రాసిపెట్టారు. పాతబట్టలు, పగిలిన సామాను, పనికిరాని ఇనుము. ‘వేస్ట్’ అనే మాట ఈ దేశంలో మొదట వస్తువు మీద పడలేదు, మనిషి మీద పడింది.

మా నాయనమ్మ ఆ శ్లోకం ఎప్పుడూ వినలేదు. కానీ దానికి జవాబు చెప్పింది. ఊళ్ళో ఒక పెద్దింట్లో కోతలకీ కలుపులకీ వెళ్ళేది. పండక్కి వాళ్ళు పాత చీర ఒకటి పడేసేవాళ్ళు. ఆమె ఆ చీర ఒక్కసారి కూడా కట్టలేదు. ఇంటికి తెచ్చిన రోజే కత్తెర పెట్టి నాలుగు ముక్కలు చేసేది. ఒరే, మంచి చీర గదా అంటే, “కట్టుకుంటే వాళ్ళ చీర, కత్తిరిస్తే నా గుడ్డ” అనేది. ఆ ముక్కలన్నీ బొంతలయ్యాయి. కింద నాలుగైదు పొరలు చివికిన గుడ్డ, పైన రంగు గుడ్డ, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టు. మధ్యలో ఒక ఎర్ర చదరం. ఎందుకని అడిగితే, కన్ను ఆగటానికి ఒక చోటు ఉండాలి గదా అనేది. మా ఇంట్లో ఏ ఆడబిడ్డ పురుటికి వచ్చినా తిరిగి వెళ్ళేటప్పుడు పసిబిడ్డతో పాటు ఒక బొంత వెళ్ళేది. మా వంశంలో తరం నుంచి తరానికి ఇచ్చుకున్న కానుక అంటూ ఉంటే అదే. నగలు కావు, పొలం కాదు. నా బొంత ఇప్పటికీ ఉంది. హాస్టల్లో దాన్ని దాచుకుని పడుకున్న రోజులున్నాయి, అది వేరే కథ.

ఇక్కడ కానుక అనే మాట గురించి కొంచెం ఆగాలి. మన వాళ్ళు చేసిన వస్తువులన్నీ ఇష్టంగా ఇచ్చుకున్నవి కావు. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకంలో వెట్టి గురించి వివరంగా ఉంది. ఏ కులం దొరకి ఏం ఇచ్చుకోవాలో వరసగా కనిపిస్తుంది. అందులో తోలుపని వాళ్ళ వంతు చెప్పులు, బావుల్లోంచి నీళ్ళు తోడే మోటలకి కావలసిన తోలు సామాను. డబ్బు లేదు. పండగ వస్తే దొర గడపకి కొత్త జోడు వెళ్ళాలి, దాన్నీ కానుకే అన్నారు. కోస్తాలో దానికి ‘మేర’ అని మరో పద్ధతి ఉండేది. ఏడాది పొడుగునా చెప్పులు, పలుపులు, వార్లు, చెర్నాకోలలు ఇస్తే కళ్ళం దగ్గర గింజలు కొలిచేవాళ్ళు. ఎంత కొలుస్తారనేది కొలిచేవాడి ఇష్టం.

చచ్చిన గొడ్డు మనకి ‘ఊరికే వచ్చింది’ అంటారే, దాని వెనక పని ఎంతో పాపకి ఫోన్లో చెప్పాను. మీరూ వినండి. ఊళ్ళో గొడ్డు చస్తే మోసుకురావాలి. తోలు ఒలవాలి. సున్నం నీళ్ళలో నానబెట్టి వెంట్రుక ఊడ్చాలి. మళ్ళీ కడగాలి. తర్వాత లందలో తంగేడు చెక్క రసం పోసి రోజుల తరబడి నానెయ్యాలి, చెక్క మారుస్తూ ఉండాలి. కరక్కాయ కూడా పడుతుంది. తంగేడు చెక్కలోని వగరు తోలులోకి దిగితేనే అది కుళ్ళకుండా ఉంటుంది. ఇది రసాయన శాస్త్రం. కాలేజీలో దీన్నే టానిన్ అంటారు. రాయి రప్ప మీద పెరిగే తంగేడు, ఎవరికీ అక్కర్లేని కళేబరం, ఈ రెంటినీ కలిపి ఊరి సేద్యానికి నీళ్ళు తోడే మోటతోలు చేశారు మన తాతలు. ఊరు ఆ నీళ్ళతో పండిన వడ్లు తిన్నది, తోలు ముట్టుకున్న చేతిని మాత్రం ముట్టుకోలేదు. ఆ తోలుతోనే డప్పు. చెక్క చట్రానికి బిగించి, మంట ముందు కాచి, సిర్రా సిటికెన పుల్లా పట్టుకుంటే అదే మన పెళ్ళి మేళం, అదే మన చావు మేళం.

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా అనే పెద్ద కంపెనీ మగవాళ్ళ ఫ్యాషన్ షోలో కొల్హాపురి చెప్పుల్లాంటివే నడిపించింది. మొదట వాటిని ఉత్త తోలు చెప్పులనే అన్నారు. గొడవ అయ్యాక మహారాష్ట్ర వాణిజ్య మండలికి ఉత్తరం రాసి, స్ఫూర్తి ఇండియా చేతిపనివాళ్ళదేనని ఒప్పుకున్నారు. కొల్హాపురికి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని చేసేది చర్మకార కులాలు. టీవీ చర్చల్లో ‘భారతీయ వారసత్వం’ అని చాలాసార్లు అన్నారు. ఆ కులాల పేర్లు ఎన్నిసార్లు విన్నారో మీరే గుర్తు తెచ్చుకోండి.

సరే, డిసెంబరు కదా, నక్షత్రం దగ్గరికొద్దాం. మా ప్రకాశం జిల్లా పల్లెల్లో నక్షత్రానికి ఒక చరిత్ర ఉంది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో పెట్టిన మిషను చాలా ఏళ్ళు చతికిలబడింది. మారినవాళ్ళు చాలా తక్కువ. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో దాన్ని మూసేద్దామా అని చర్చ వచ్చింది. పటం మీద అది ఒంటరి చుక్కలా కనిపించిందట. దాంతో ‘లోన్ స్టార్’ మిషను అన్న పేరు నిలిచిపోయింది. మూసెయ్యలేదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. తోలు కోసం ఊరూరా తిరిగే మనిషి కాబట్టి మాట కూడా ఊరూరా తిరిగింది. పుస్తకాల్లో క్లౌ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పేరయ్య పేరు కింద ఎక్కడో ఉంటుంది. నా లెక్కలో ఆ ఉద్యమానికి కాళ్ళు పేరయ్యవి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. అప్పటికి కరువు ఇంకా ఒళ్ళు విడవలేదు.

మారినవాళ్ళు పాటించాల్సిన నియమాల్లో ఆదివారం పని మానెయ్యడం ఒకటి, చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యడం ఒకటి, విగ్రహాలకి మొక్కకపోవడం ఒకటి. మూడూ ఊరికి తగిలినవే. ఆదివారం పనికి రానన్నారు, జాతరకి డప్పు కొట్టమన్నారు. దాంతో గొడవలు మొదలయ్యాయి. ఇందులో నాకు ఒక ఇబ్బంది కూడా ఉంది, దాచను. డప్పుని దయ్యాల వాద్యం అని వదిలేసిన పల్లెల్లో మన చేతిపని కూడా సగం పోయింది. బానిసత్వాన్ని వదిలించుకునే తొందరలో విద్యని కూడా వదిలేశాం. తిరిగి డప్పు పట్టటానికి మనకి వందేళ్ళు పట్టింది.

మా పల్లెలో స్టార్ కట్టే పని మా నాయనది. కొన్నది కాదు. వెదురు చీల్చి ఒకే పొడుగున పది బద్దలు తీసేవాడు. అయిదు బద్దలతో ఒక చుక్క, అయిదుతో ఇంకో చుక్క. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనలూ ముడేసి, లోపలి మూలల్లో అయిదు పొట్టి పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బి స్టార్ లేచేది. ముళ్ళకి పురికొస వాడడు, సన్నగా చీల్చిన తోలు వారు తడిపి కట్టేవాడు. ఆరితే బిగుసుకుంటుంది, మేకు కంటే గట్టి. మైదా బంకతో గాలిపటం కాగితం అంటించేవాళ్ళం. కాగితానికి డబ్బుల్లేని ఏడు పాత న్యూస్ పేపర్ అంటించి పైన ఆముదం రాశాడు. లోపల దీపం పెట్టగానే పేపరు పసుపుపచ్చగా వెలిగింది, ఎన్నికల వార్తలతో సహా. ఇంకో ఏడు గాలికి దీపం ఒరిగి స్టార్ మొత్తం కాలిపోయింది. పాస్టరుగారు అపశకునం అనలేదు, బద్దలు బాగానే ఉన్నాయి మళ్ళీ కట్టమన్నారు. మంచు కావాలని పిల్లలం ఏడిస్తే నాయనమ్మ సరుగుడు కొమ్మ మీద పత్తి అతికించింది. చేలో ఏరివేత అయిపోయాక కాయల్లో మిగిలిన తుక్కు పత్తి.

నాకు ఊహ తెలిశాకే తెలిసింది, క్రిస్మస్ రోజే మనకి ఇంకో పండగ అని. 1927 డిసెంబరు 25, మహద్. సభకి సామాన్లు అమ్మొద్దని ఊళ్ళో వ్యాపారులు కట్టడి చేసుకున్నారు. సరుకు బయటి నుంచి తెచ్చుకున్నారు. పందిరికి స్థలం ఇచ్చింది ఫత్తేఖాన్ అనే ముస్లిం. ఒకటిన్నర అడుగుల చదరం గుంట తవ్వి గంధపు చెక్కలు పేర్చారు, చుట్టూ గుంజలు పాతి రాతల బ్యానర్లు కట్టారు. అందులో మనుస్మృతి కాల్చారు. నన్ను ఇంకా ఎక్కువగా కదిలించేది దాని తర్వాతి ముచ్చట. అదే సభలకి వచ్చిన ఆడవాళ్ళతో అంబేద్కర్ విడిగా మాట్లాడారు. కులాన్ని దూరం నుంచే పట్టించే ఆ బరువు కడియాలు, మెడ కడ్డీలు తీసెయ్యండి, చీర అందరిలా కట్టుకోండి అన్నారు. తర్వాత చాలామంది కట్టు మార్చి కనిపించారు. ఎవరో ఏ శతాబ్దంలోనో ఇనుము పెట్టుకోమని రాసినదానికి, ఆ రాత కాలిన చోటే ఆడవాళ్ళు ఒంటిమీదనుంచి జవాబు చెప్పారు.

దీన్ని నేను నాయనమ్మ కత్తెర పక్కన పెట్టి చూస్తాను. కొందరు తీసేశారు, కొందరు కత్తిరించి వేరేది చేసుకున్నారు. ఏది సరైనదని విద్యార్థి సంఘాల్లో రాత్రంతా వాదించుకున్నాం, తేలలేదు.

ఇదంతా ఏడో తరగతి పిల్లకి చెప్పలేదు. కొంత చెప్పాను. వారం తర్వాత వాళ్ళింటికి వెళ్తే తాతా మనవరాలూ అరుగు మీద ఉన్నారు. ఆయన చేతిలో రంపె, దాని చేతిలో ఆరె. తోలు ముక్కలతోనే, కానీ సంచి కాదు. స్టార్. తోలు కాగితంలా ఉబ్బదు కాబట్టి తడిపి చెంబు అడుగున వొంచి ఆరబెట్టారు. దాంతోపాటు ఒక చీటీ. వస్తువు పేరు, చేసినవాళ్ళ పేర్లు రెండు, వాడిన పనిముట్లు, తోలు దేంతో పదును పెడతారో. కులం పేరు రాయనా వద్దా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. తాత ఏం అనలేదు, వార్లు చీలుస్తూ కూర్చున్నాడు. అది కాసేపు పెన్ను కొరికి రాసింది.

నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. ఈసారి బల్ల మీదే పెట్టారట. చివర్న.

“ప్రైజ్ వచ్చిందా?”

“లేదు. సీసాలతో ఏనుగు చేసినోడికొచ్చింది.”

“చీటీ ఎవరన్నా చదివారా?”

“ఇద్దరు ముగ్గురు. సైన్స్ సార్ మాత్రం తంగేడు చెక్కలో ఏముంటుందీ, అంత పనిచేస్తుంది అని అడిగారు. మా తాతని అడిగి రేపు చెప్తానన్నా. ఒకసారి తాతకి ఫోనివ్వు బాబాయ్.”

ఇచ్చాను. గంటసేపు మాట్లాడుకున్నారు.

వచ్చే వారం మళ్ళీ కాలవ గట్టు మీద కలుద్దాం.