జనవరి ఒకటవ తేదీన పుట్టినవారు

2000 నవంబరు మొదలు మఱుసటి యేటి సెప్టెంబరు వఱకు, కెన్యా దేశపు వాయవ్యమున తుర్కానా మరుభూమిలో నున్న కకూమా శరణార్థి శిబిరమునుండి అమెరికాకు విమానములలో తరలింపబడిన సూడాను యువకులు సుమారు 3,800 మంది; వారిలో అధికసంఖ్యాకుల ప్రయాణపత్రములయందు జన్మదినము జనవరి 1 అని యుండెను. ఇందఱు తల్లులు ఒక్కదినమున ప్రసవించిరని నమ్మువా డెవడును లేడు. తేదీ లేనిదే మనిషిని చేర్చుకొనని కాగితము కొఱకు, శిబిరమున పేర్లు వ్రాసికొను నుద్యోగి ముఖము చూచి, పొడవు చూచి, ఒక యేడు నిర్ణయించి, తేదీని మాత్రము అందఱకు ఒక్కటే పంచిపెట్టెను. కుడిచేయి తలమీదుగా పోయి యెడమచెవిని అందినచో అయిదేండ్లు నిండినవని తీర్మానించి, బడి తెఱచు నెలలో ఏదో యొక తేదీని పట్టికలో వేసికొనిన మన పల్లెటూరి పంతులుగారిని ఎఱిగిన మనకు ఇది వింతగా తోచరాదు. అయితే మన పిల్లవానికి ఆ తేదీ వలన కలిగినది ఉద్యోగవిరమణ ఒకటి రెండేండ్లు అటో యిటో యగుటయే. కకూమా బాలునికో, ఆ యంకె యొకటి తక్కువైన బడి, ఒకటి యెక్కువైన కర్మాగారము.

ఆ బాలురు పుట్టినచోట వయస్సునకు అంకెలతో పని లేకుండెను. శ్వేతనైలు నదికి ఇరుప్రక్కల, వానకాలమున నీట మునిగి వేసవిని బీటలు వాఱు మైదానములయందు, డింకా, నుయేరు జాతులవారు పసులనే సంపదగాను, పసులనే కాలమానముగాను చేసికొని బ్రదికిరి. పసివాడు మొదట మేకలను, పిదప దూడలను, అటుపై ఆవులమందను కాచును. ఎండలు ముదిరినపుడు పెద్దవారితో గూడి నదీతీరపు బీళ్లకు మందను తోలుకొనిపోయి, పేడపిడకల పొగలో నిద్రించి, దోమలు కుట్టకుండ ఆ బూడిదనే మేన పూసికొని, పాలతో కడుపు నింపుకొనుచు నెలల తరబడి ఊరికి దూరముగ నుండును. క్రింది ముందుపండ్లు పెఱికించుకొని, మఱి కొన్నేండ్లకు నుదుట కత్తిగాట్లు పెట్టించుకొని, కన్నీరు రాల్పక నిలిచిన నాడు అతడు పురుషుడగును. ఆనాడు దక్కిన యెద్దు రంగే యాతనికి మఱియొక పేరగును. మబియోర్ అనగా తెల్ల యెద్దు; దక్షిణ సూడాను పోరాటనాయకుడైన జాన్ గరాంగ్ ది మబియోర్ పేరులో నున్నది ఆ యెద్దే. కర్రి, పుల్ల, బొల్లి, మైల యని యెడ్లను రంగులతోనే పిలుచుకొను మన రైతునకు ఈ భాష పరాయిది కాదు. ఒక్కమాఱు గాట్లు పడినవారందఱు ఒక్క యీడువారు. ఆ యీడుబంధము చచ్చువఱకు తెగదు.

ఈ జీవనము చెదరుటకు బీజము ఆ దేశపు పుట్టుకలోనే కలదు. 1956 జనవరి 1వ తేదీన సూడాను స్వతంత్రము కాకమునుపే, 1955 ఆగస్టులో తోరిత్ పట్టణమున దక్షిణాది సైనికులు తిరుగబడిరి. ఆ యంతర్యుద్ధము 1972లో ఆడిస్ అబాబా ఒడంబడికతో చల్లారి, పదునొకండేండ్లకే మరల రాజుకొనెను. 1983 మే నెలలో బోర్ దండు తిరుగబడుట, సెప్టెంబరులో అధ్యక్షుడు నిమేరీ దేశమంతటికి షరియాను శాసనము చేయుట, గరాంగ్ నాయకత్వమున ప్రజావిమోచన సైన్యము పుట్టుట, వెంటవెంటనే జరిగెను. ప్రభుత్వము ఆయుధములిచ్చి పురికొల్పిన రౌతుల మూకలు పల్లెలమీద పడినపుడు, పెద్దలు ఇండ్ల వాకిళ్లలో చచ్చిరి, స్త్రీలును బాలికలును చెఱపట్టబడిరి. పెక్కుచోట్ల మందలతో బీళ్లలో నుండిన మగపిల్లలు మాత్రము దూరమున లేచిన పొగను చూచి పరుగెత్తిరి. వారు బ్రదికి బయటపడుటకు గల కారణములలో పసులకాపరితనము ముఖ్యమైనది.

1987 ప్రాంతమున వేలకొలది బాలురు తూర్పుముఖముగ నడచిరి. సింహములు, ఆకలి, దప్పిక, విమానముల బాంబులు త్రోవపొడుగున వారిని ఏఱుకొనెను. ఇథియోపియాలోని పిన్యూడో, ఇతాంగ్, డిమ్మా శిబిరములయందు వారిని గుంపులు గుంపులుగా విభజించి, గుంపునకొక పెద్దను నియమించి, గుడిసెలు వారిచేతనే కట్టించిరి. దయాళువుల రచనలలో తఱచు దాటవేయబడు విషయమొకటి ఇచట చెప్పవలసియున్నది: విమోచన సైన్యము ఆ శిబిరములను తన రేపటి సిపాయిల నారుమడిగా నెంచెను, పలువురు బాలురకు తుపాకి పట్టుట అచటనే నేర్పబడెను. 1991 మే నెలలో ఇథియోపియా పాలకుడైన మెంగిస్తు ప్రభుత్వము కూలగానే ఆతిథ్యము ముగిసెను. వెనుకనుండి తఱుముచున్న తుపాకులకు వెఱచి, పొంగి ప్రవహించు గీలో నదిలో దుమికినవారిలో తుపాకిగుండ్లకు కొందఱు, ప్రవాహమునకు కొందఱు, మొసళ్లకు కొందఱు బలియైరి. మిగిలినవారు సూడానులోని పొచల్లా, కపోయెటాల మీదుగా మరల నడచి, 1992లో కకూమా చేరునప్పటికి పదివేల పైచిలుకు మాత్రమే యుండిరి.

వారికి ‘తప్పిపోయిన బాలురు’ అను పేరు పెట్టినది సహాయకార్యకర్తలు, పత్రికలవారు, అది జె.ఎం. బారీ పీటర్ పాన్ కథనుండి తెచ్చినది. ఆ కథలో దాదులు ఏమఱియున్నపుడు బండ్లనుండి జాఱిపడి, ఏడుదినములలో ఎవరును వచ్చి యడుగనందున దూరదేశమునకు పంపబడిన పిల్లల కాపేరు. సూడాను పిల్లలు ఎవరి యేమఱుపాటు వలనను జాఱిపడలేదు; ఒకరినొకరు తప్పిపోనీయకపోవుట చేతనే వేయి మైళ్లు నడువగలిగిరి. బాలికల గతి వేఱు. వారు ఇథియోపియా చేరినప్పుడే, తరువాత కకూమాలోను, ఆచారము ననుసరించి ఏదో యొక కుటుంబమున చేర్పబడిరి. అట్లు చేరిన బాలిక ఇంటిచాకిరి చేయుచు, ఆ యింటివారికి కన్యాశుల్కము తెచ్చిపెట్టునదై, దిక్కులేని పిల్లల పట్టికలో పేరు లేక మఱుగునపడెను. అమెరికా ఎన్నుకొనిన వేలమందిలో బాలికలు వందకు లోపు.

కకూమాలో ఎనిమిది తొమ్మిదేండ్లు మొక్కజొన్న కొలతకు వరుసలో నిలిచి, కెన్యా పాఠ్యక్రమమున ఆంగ్లము నేర్చి, ప్రయాణమగువారి పేర్లు అంటించు పలకముందు మెడలు సాచి వెదకికొనిన పిమ్మట, ఎవని పేరు కనబడునో వానికి మంచుదేశమును గుఱించి కొలదిదినముల పాఠము చెప్పి విమాన మెక్కించిరి. చేతిలో వలససంస్థవారి ప్లాస్టిక్ సంచి, అందు కాగితములు. ఆ సంచిని ఒడినుండి దింపరాదని ఆజ్ఞ. ఇక పత్రములోని యేడు పనిచేయ నారంభించెను. పదునెనిమిదేండ్లు నిండనివానికి పెంపుడు కుటుంబము, ఉన్నత పాఠశాల, వేళకు భోజనము. నిండినవానికి ముగ్గురు నలుగురితో కలిసి ఒక అపార్టుమెంటు, స్వచ్ఛంద సంస్థవారి తొలి 90 దినముల సహాయము, ప్రభుత్వపు సొమ్ము ఎనిమిది నెలలు, పైగా తీర్చవలసిన విమానటిక్కెట్టు అప్పు. ఒక్క గుడిసెలో పెరిగిన ఇరువురిలో ఎత్తరి యొకడు, గుజ్జు ఒకడు అయినచో, అంచనావేసిన వాని కంటిచూపే వారిని విడదీసెను. నుదుట గాట్లు పడకమునుపే ఊరు విడిచిన వీరు డింకా లెక్కకు ఇంకను పిల్లలు. అమెరికా లెక్కకు పెక్కండ్రు అప్పటికే పురుషులు.

ఫార్గో, సూఫాల్స్, ఒమాహా, ఫీనిక్స్, అట్లాంటా, హ్యూస్టన్, సిరక్యూస్ మొదలగు నగరములకు వారిని చల్లిరి. పొయ్యి త్రిప్పినచో మంట, గోడ నొక్కినచో వెలుగు, పెట్టెలో చలి, ఇవి వారమునకు అలవడిన వింతలు. పత్రికలు వానినే ఎక్కువగా వర్ణించినవి. అలవడనిది వేఱొకటి కలదు. గుంపుగ నుండుటయే ప్రాణరక్షణమని పదేండ్లు నేర్చినవారు దుకాణమునకు పదిమందిగ పోగా, ఆ పొడవాటి నల్లని మనుష్యులను చూచి అంగడివారు జంకి, పోలీసులకు చెప్పిరి. ఇద్దరు ముగ్గురికి మించి పోవలదని వారికి బోధింపవలసివచ్చెను. స్నేహితుని చేయి పట్టుకొని వీధిలో నడచుట తప్పుగ తలపబడునని కూడ నేర్పిరి. చెలికాని చేయి పట్టుకొని సంతకు పోవు మన పల్లెల మగవారికి ఈ నిషేధములోని కష్టము విప్పి చెప్పనక్కఱ లేదు.

పనులలో ఒకటి ప్రత్యేకముగ పేర్కొనదగినది. నెబ్రాస్కా, దక్షిణ డకోటాల మాంసపు కర్మాగారములు ఆంగ్లము రాకున్నను మనుష్యులను చేర్చుకొనెను గనుక, సూడానీయులు పలువురు అచట కుదిరిరి. పెండ్లికో, బలికో, అతిథికో తప్ప ఎద్దును కోయని, కోసిననాడు దాని పేరెత్తి పాడు జాతివాడు, చలిగదిలో ఇనుపచేతొడుగు తొడిగికొని, కొంకికి వ్రేలాడుచు ఎదుటికి జరిగివచ్చు పశుఖండములమీద ఒకే కోతను దినమునకు వేలమాఱులు కోయుచుండెను. తోలు అంతకుముందే యొలువబడుటచే దాని రంగేదో వానికి తెలియదు.

జీతము చేతికి వచ్చుటతోనే కకూమానుండి టెలిఫోను మ్రోగును. శిబిరమున మిగిలినవాని బడిఖర్చు, రోగియైన పినతల్లి, ఎవనికో పెండ్లి; డాలర్లు పంపినచో అచట ఆవులగును, ఆవులైనచో వధువగును. పెక్కండ్రు తాము చదువుకొనవలసిన సొమ్ము ఇట్లు పంపి, రాత్రి పాళీ చేసి, పగలు సామాజిక కళాశాలలో కునికిపాట్లు పడిరి. 2001 సెప్టెంబరు 11 తరువాత ప్రయాణములు ఆగిపోగా, పలక మీద పేరు కనబడక మిగిలిన తమ్ముల భారము వెళ్లినవారిపై ఇంకను పెరిగెను. ఇంత బరువునడుమ పట్టభద్రులైనవారును పెక్కురు కలరు. లోపెజ్ లొమాంగ్ అను నాతడు ఆఱేండ్ల ప్రాయమున చర్చిలోనుండి అపహరింపబడి, కకూమాలో పదేండ్లు గడపి, న్యూయార్కు రాష్ట్రపు టల్లీ గ్రామమున పెంపుడు తల్లిదండ్రుల యింట పెరిగి, 2008 బీజింగ్ ఒలింపిక్సులో అమెరికా పతాకమును పట్టి నడచెను. సాల్వా డట్ రాచెస్టరునుండి ధనము కూడబెట్టి స్వదేశమున నూతులు త్రవ్వించెను. ఇవి యశోగాథలు, పత్రికలకు ఇష్టమైనవి. ఆస్ట్రేలియా కూడ ఆ యేండ్లలో సూడానీయులను వేలుగ చేర్చుకొని, 2007లో వలసశాఖ మంత్రిచేతనే వీరు కలియుట లేదనిపించి, ఆఫ్రికా శరణార్థుల సంఖ్యను తగ్గించెను.

2005 జనవరి 9న సూడానులో శాంతి కుదిరెను; ఆఱేండ్లకు అదే దినమున దక్షిణాది స్వాతంత్ర్యమునకై ఓట్లు మొదలయ్యెను. అమెరికాలో ఏర్పఱచిన కొలది కేంద్రములకు ఆ యువకులు రాష్ట్రములు దాటి కారులలో వచ్చిరి. 18 ఏండ్లు నిండినచో చాలదు. 1956 జనవరి 1 నాటికి దక్షిణమున నివసించుచుండిన జాతులలో తన వంశమున్నదని నిరూపింపవలెను. కాగితము లేనివానిని తెగపెద్ద యొకడు తండ్రి పేరు, తాత పేరు, ఊరు తమ భాషలో అడిగి సాక్ష్యము పలుకవచ్చును. నూటికి 98.83 మంది వేఱుపాటును కోరగా, 2011 జూలై 9న దక్షిణ సూడాను వెలసెను. 2013 డిసెంబరులో అదియు తనలో తాను కొట్టుకొనసాగినది. కకూమా మరల నిండెను. పేర్లు వ్రాసికొను బల్లలముందు పుట్టిన తేదీ యెఱుగని బాలురు మరల నిలిచిరి.

మొదట వెళ్లినవారికిప్పుడు తలలు నెరయుచున్నవి. వారి బిడ్డల జన్మపత్రములలో గంటయు నిమిషమును గూడ వ్రాసియుండును. తండ్రులు మాత్రము పెక్కుచోట్ల నూతన సంవత్సరపు దినమున ఒక్కయింట కూడుకొని, పుట్టినరోజు ఉమ్మడిగ జరుపుకొందురు.