గుడ్డకంటిన ఎరుపు

తెల్ల బనియన్ గుడ్డ, దాని మీద బఠాణీ గింజంత పాలిష్. ఎర్ర పద్మిని డిక్కీ మూత లోపలి అంచున, ఎవరికీ కనిపించని చోట, నాలుగుసార్లు గుండ్రంగా రుద్ది చూస్తే ఆ కారు రంగు జాతకం బయటపడుతుంది. గుడ్డకు మట్టి రంగు జిడ్డు మాత్రమే అంటితే రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి ఉన్నట్టు. కుంకుమ తుడిచినట్టు ఎర్రబడితే అది పాతకాలపు రంగు. పాత కారు కొత్తగా కొన్నవాళ్లు ఆ ఎరుపు చూసి, రంగంతా ఊడి వచ్చేస్తోందని కంగారు పడతారు. సికింద్రాబాద్ షెడ్లలో చేయి తిరిగిన పెయింటర్ మాత్రం కుదుటపడతాడు. పని చేయడానికి ఇంకా సరుకు ఉందన్నమాట.

ఇప్పటి కార్లకు రంగు వేరు, మెరుపు వేరు. కింద బేస్ కోట్ రంగునిస్తే, పైన క్లియర్ కోట్ నిగనిగలాడుతుంది. పాలిష్ పట్టేది ఆ పై పొరకే, కింది రంగు జోలికి ఎవరూ పోరు. ఈ పద్ధతి ప్రపంచమంతా మామూలైపోయింది 1980ల తర్వాతే. అంతకుముందు రంగునిచ్చే పిగ్మెంటు, దాన్ని రేకుకు పట్టి ఉంచే రెజిన్, కంటికి కనిపించే నిగారింపు అన్నీ ఒకే పొరలో ఉండేవి. దాన్నే సింగిల్ స్టేజ్ పెయింట్ అంటారు. తొలి దశాబ్దాల అంబాసిడర్లు, 1961లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్, 1964లో ఫియట్‌గా మొదలై పదేళ్ల తర్వాత పద్మిని పేరు తెచ్చుకున్న బొంబాయి కారు అన్నీ ఆ కాలపు బిడ్డలే.

మందం సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఫ్యాక్టరీలో వేసిన రంగు, కింద ప్రైమర్‌తో సహా, మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత మందంలోనే కారు సోకంతా ఉంది. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత గుడ్డకు పోతుంది.

ఈ రంగుకు ముందు ఇంకో కథ ఉంది. అది హైదరాబాద్ పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ ఆవరణలో పసుపు రంగులో కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. బాడీ కట్టింది ఇంగ్లండ్‌లో పేరుమోసిన బార్కర్ కంపెనీ. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు కనుక దాన్ని థ్రోన్ కార్ అంటారు. 1911 ఆగస్టులో నిజాం కన్నుమూశాడు, కారు ఆ తర్వాతే చేరింది. ఇన్నేళ్లలో అది తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. ఆ దూరం రెండుసార్లు విజయవాడ వెళ్లి వచ్చేందుకు కూడా చాలదు.

ఆ రోజుల్లో కారుకు రంగు వేయడమంటే గుర్రపు బగ్గీకి వేసినట్టే. అవిసె నూనెతో కాచిన వార్నిష్ రంగును కుంచెతో పూయాలి, రోజుల తరబడి ఆరనివ్వాలి, ప్యూమిస్ పొడితో నునుపు చేయాలి, మళ్లీ పూయాలి. ఒక్కో కారు వారాల తరబడి షెడ్డులో నిలబడేది. రోజుకు వేల కార్లు తీయాలనుకున్న హెన్రీ ఫోర్డ్‌కు అంత ఓపిక ఎక్కడిది? అందుకే 1914 నుంచి 1925 దాకా తన మోడల్ టీ కారును ఒక్క నల్ల రంగులోనే అమ్మాడు.

ఈ ఆలస్యపు ముడి విప్పింది తుపాకీ మందు. పత్తి మీద నైట్రిక్ ఆమ్లం పనిచేస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. పొగరాని మందుగుండుకు మూలం అదే, పాత సినిమా రీళ్లకు మూలమూ అదే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మందుగుండు చేసిన అమెరికన్ కంపెనీ డ్యూపాంట్ దగ్గర ఆ సరంజామా అంతా మిగిలింది. దాన్ని ద్రావకంలో కరిగించి, రంగు కలిపి, గన్‌తో కొట్టేలా పలచగా తయారుచేసి 1923లో డ్యూకో పేరుతో బయటపెట్టారు. జనరల్ మోటార్స్ తన ఓక్‌లాండ్ కారును 1924 మోడల్‌గా ట్రూ బ్లూ అనే నీలంలో దింపింది. వారాల పని రోజుల్లోకి వచ్చింది. రంగురంగుల కార్లు రోడ్డెక్కాయి.

డ్యూకో మన దగ్గరికి వచ్చి కంపెనీ పేరుగా మిగల్లేదు. డాల్డా, జిరాక్స్‌లాగా జాతివాచకమైపోయింది. వంటింటి కబోర్డులు చేసే వడ్రంగి ఇవాళ్టికీ “డ్యూకో కొట్టిస్తారా సార్, మైకా పెట్టమంటారా?” అని అడుగుతాడు. కార్ల షెడ్లలో మాత్రం దాన్ని ఎన్‌సీ అంటారు, నైట్రోసెల్యులోజ్‌కు పొట్టి పేరు. హార్డెనర్ కలిపి కొట్టే తర్వాతి తరం రంగును పీయూ అనో, టూకే అనో అంటారు. పాత కారు చేతికొస్తే ముందు తేల్చుకోవాల్సింది ఈ రెంటిలో ఏదన్నదే. పరీక్ష సులువు. మూలన ఎక్కడో థిన్నర్‌లో తడిపిన దూది కాసేపు అద్దాలి. ఎన్‌సీ అయితే ముప్పై ఏళ్లయినా కరిగి దూదికంటుకుంటుంది, ఎందుకంటే అది ఆరడమంటే ద్రావకం ఎగిరిపోవడమే. పీయూ అయితే రసాయన బంధాలతో ముడిపడి గట్టిపడి ఉంటుంది గనుక చలించదు. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. వాటి తుంపర ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆస్తమా తెస్తుంది. ముక్కుకు జేబురుమాలు కట్టుకుని గన్ పట్టే కుర్రాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రాణిగంజ్ సందుల్లో ఆటోమొబైల్ దుకాణాల మధ్య తిరిగితే ఈ వ్యాపారమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. రబ్బింగ్ కాంపౌండ్ డబ్బాలు, వాటర్ పేపర్ కట్టలు, ఉన్ని బఫ్‌లు. రిజిస్ట్రేషన్ నంబర్లలో సికింద్రాబాద్‌కు ఏపీ 10 ఉన్న రోజుల నాటి కార్లు కార్ఖానా, బోయిన్‌పల్లి, తిరుమలగిరి ఇళ్ల పోర్టికోల్లో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటికి ప్రధాన శత్రువు యాక్సిడెంట్ అనుకుంటే పొరపాటు, ఎండ ముందుంటుంది. అతినీలలోహిత కిరణాలు రెజిన్‌ను విరగ్గొడతాయి. రెజిన్ పోయాక పిగ్మెంటు పట్టు తప్పి పొడిలా పైకి తేలుతుంది. బానెట్ మీద వేలు రాస్తే సున్నంలా అంటేది అదే. ఎరుపు అన్నిటికంటే ముందు వెలిసి గులాబీ తేలుతుంది. నలుపులోని కార్బన్ కిరణాలను మింగేస్తుంది గనుక నల్ల కారు రంగు నిలుస్తుంది, కానీ ఒంటి మీద ప్రతి గీతా కనిపిస్తుంది.

రెండో శత్రువు దుమ్ము. ఈ జంట నగరాలు కూర్చున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. ఆ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, ఉక్కు కత్తి కన్నా గట్టివి. పొద్దున్నే పొడి గుడ్డతో కారు తుడిచే మన అలవాటు, నిజం చెప్పాలంటే, సన్నటి ఎమరీ పేపర్ తిప్పడమే. పైగా బోరు నీళ్లు. ఎండలో ఆరితే సున్నపు చుక్కలు మిగులుతాయి, అవి రోజుల తరబడి అలాగే ఉంటే రంగులోకి దిగుతాయి. ఇక బకెట్ నీళ్లలో కాస్త కిరోసిన్ కలిపి తుడిచే డ్రైవర్ల చిట్కా ఉండనే ఉంది. ఆ పూటకు కారు పెళ్లికొడుకులా మెరుస్తుంది. మైనం కొట్టుకుపోయి మిగిలిన జిడ్డు సాయంత్రానికి వీధి దుమ్మంతా పట్టి తెస్తుంది.

అలాంటి ఎర్ర బానెట్‌ను తిరిగి బతికించే పని ఇలా సాగుతుంది. ముందు నీడలోకి చేర్చాలి, రేకు చల్లబడాలి. షాంపూ నీళ్లతో కడగాలి. అంచులకు, బానెట్ మధ్య గీతలకు మాస్కింగ్ టేప్ అతికించాలి, ఎందుకంటే రంగు అన్నిటికన్నా పలచగా నిలిచేది వంపుల శిఖరాల మీదే. అక్కడ పాలిష్ మెషిన్ రెండు సెకన్లు ఆగినా బూడిద రంగు ప్రైమర్ కంటపడుతుంది. ఆ తర్వాత వెంటనే కాంపౌండ్‌తో రుద్దే కట్టింగ్ మొదలెట్టడం చాలామంది చేసే తప్పు. ఎండిపోయిన రంగు దాహంతో ఉంటుంది. నూనెలున్న గ్లేజ్‌ను చేత్తో దట్టంగా పట్టించి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు లోపలికి పీల్చుకుంటుంది. 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన మెగ్వయర్స్ అనే అమెరికన్ కంపెనీ సెవెన్ నంబర్ సీసాకు పాత కార్ల వాళ్లలో అంత పేరు వచ్చింది ఈ నూనె వల్లే. తెల్లారి గుడ్డతో తుడిస్తే పొడి గులాబీ కింద నుంచి లోతైన ఎరుపు తేలుతుంది. గుడ్డ మార్చండి, మళ్లీ మార్చండి. ఎర్రబడిన గుడ్డతోనే రుద్దితే, ఊడిన పొడే కొత్త గీతలు గీస్తుంది.

ఆ పైన సన్నటి పాలిష్, మెత్తని ఫోమ్ ప్యాడ్. ముతక కాంపౌండ్, ఉన్ని బఫ్ తప్పనిసరైతేనే. షెడ్డుల్లో ఓనర్‌కూ, పెయింటర్‌కూ మాట పట్టింపు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

“భాయ్, ఇంకొంచెం రుద్దితే అద్దమైతది గదా?”

“అయితది సార్. ఆ తర్వాత ప్రైమర్ గూడ కనబడ్తది.”

మెటాలిక్ రంగు అయితే మరీ జాగ్రత్త. సింగిల్ స్టేజ్ మెటాలిక్‌లో అల్యూమినియం రేకులు పైపొరలోనే ఉంటాయి. రుద్దితే అవి నల్లబడి గుడ్డకంటుతాయి, కారు మీద చారలు చారలుగా ఛాయ మారుతుంది. దాన్ని సరిదిద్దడం ఎవరి వల్లా కాదు, మళ్లీ గన్ పట్టాల్సిందే. పొడి ఎమరీతో గీకడం మాత్రం ఏ రంగుకైనా తగదు, పాత ఎరుపు, పసుపు రంగుల్లో సీసపు పిగ్మెంట్లు ఉండే అవకాశం ఎక్కువ. నీళ్లు పోసుకుంటూ వాటర్ పేపర్ పడితే ఆ పొడి గాలిలోకి లేవదు.

చివరికి మైనం. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి రాల్చే కార్నబా మైనం 80 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. అందుకే మన వేసవికి తేనెమైనం కన్నా అది నయం. అయినా మే నెలలో బయట నిలబెట్టిన కారుకు కొన్ని వారాలకోసారి మళ్లీ పూయాల్సిందే. సిలికాన్ కలిసిన మెరుపు ద్రవాలంటే పెయింటర్లకు ఒళ్లు మంట. రేపెప్పుడైనా కొత్త రంగు కొడితే సిలికాన్ మిగిలిన చోట రంగు పక్కకు జరిగి చేప కన్నుల్లాంటి గుంటలు పడతాయి. సిరామిక్ కోటింగ్ అమ్మేవాళ్లు దాన్ని సర్వరోగ నివారిణిగా చెబుతారు. వెలిసిన రంగు మీద వేస్తే ఆ వెలిసిన తనమే కింద బందీ అవుతుంది, గ్లేజ్ నూనె మిగిలి ఉంటే కోటింగ్ పట్టదు.

ఇంత తంటాలు ఎందుకు, మొత్తం గీకించి కొత్త పీయూ కొట్టిస్తే పోదా అనే వాళ్లూ ఉన్నారు, అది తప్పేమీ కాదు. కానీ 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ హోదా ఇచ్చింది. అసలు రూపం చెడకుండా, పెద్ద మార్పులు లేకుండా ఉండాలన్నది షరతు. నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. అసలు ఫ్యాక్టరీ రంగుతో మిగిలిన కారు కనిపిస్తే అభిమానులు రేటు అడగడం మాని, ముందు డోర్ రబ్బరు కింద రంగు చూస్తారు. ఎండ సోకని ఆ చోటే 1970ల ఎరుపు ఎలా ఉండేదో చూపిస్తుంది.

పాలిష్ ముగిసిన బానెట్‌కూ, ఆ డోర్ రబ్బరు కింది రంగుకూ మధ్య తేడా పక్కపక్కన పెడితే ఇంకా ఒక పిసరు కనిపిస్తుంది. పెయింటర్ మెషిన్ ప్లగ్ తీసేశాడు. డిక్కీ మూత మీద రంగు మందం కొలిచే గేజ్ అంకె మరీ కిందకు పడింది గనుక దానికి అతికించిన నీలం టేప్ ఊడదీయకుండానే కారు ఇంటికి వెళ్లింది.