చౌక టీకా కథలో లేని పద్నాలుగేళ్లు

హెపటైటిస్-బి టీకా గురించి తెలుగులో ఎవరు రాసినా కథ ఒక్కటే. విదేశీ టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో హైదరాబాదు కంపెనీ ఒకటి రంగంలోకి దిగింది, ధర దిగివచ్చింది, జబ్బు అదుపులోకి వచ్చింది. మొదటి రెండు మాటల్లో తప్పు లేదు. నా పేచీ మూడోదానితోనే.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1965లో అమెరికా శాస్త్రవేత్త బ్లుంబర్గ్ ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ (ఈ వైరస్ పైపొర ప్రొటీన్) గురించి ప్రకటించాడు, 1976లో నోబెల్ అందుకున్నాడు. 1981లో రక్తరసం నుంచి తీసిన టీకా, 1986లో ఈస్టు కణాల్లో తయారైన టీకా అమెరికాలో అనుమతి పొందాయి. 1993లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఒమన్ నుంచి పెట్టుబడి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, సీసీఎంబీ పరిశోధన సంస్థలో ప్రయోగశాల వసతి దొరికాయి. 1997 ఆగస్టులో ఆ కంపెనీ టీకా షాన్‌వాక్-బి బజారుకొచ్చింది. కొద్దికాలానికే భారత్ బయోటెక్ టీకా కూడా వచ్చింది. ఆ ఘనతను కాదనేవాళ్లు ఎవరూ లేరు.

అక్కడి నుంచే లెక్క తేడా కొడుతుంది. అన్ని దేశాలూ 1997 కల్లా ఈ టీకాను పిల్లల కార్యక్రమంలో చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సభ 1992లోనే కోరింది. మన దగ్గర 2002-03లో 14 నగరాలు, 33 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2007-08లో ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రాలకు పాకి, 2011లో గానీ దేశమంతటికీ అందలేదు. సరసమైన ధరకు మన ఊళ్లోనే తయారవుతున్న మందు దేశమంతటా సర్కారు సూదిమందుల పట్టికకెక్కడానికి పద్నాలుగేళ్లు పట్టిందన్నమాట.

ఆ మధ్యకాలంలో టీకా వేయించుకున్నదెవరు? డబ్బు పెట్టుకోగల కుటుంబాల పిల్లలు. ఆపైన పట్టణాల్లో స్కూళ్లు, క్లబ్బులు నడిపిన శిబిరాల్లో వరుస కట్టిన పెద్ద పిల్లలు, ఉద్యోగులు. ఈ వైరస్ తీరు చూస్తే ఇది తలకిందుల వ్యవహారం. రక్తంలో ఇ-యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతోందనే గుర్తు) ఉన్న తల్లి నుంచి పుట్టుకప్పుడే సోకితే, టీకా పడని బిడ్డల్లో 90 శాతం దాకా జీవితాంతం దాన్ని మోస్తారు. పెద్దయ్యాక సోకినవాళ్లలో అలా మిగిలేది 5 శాతం లోపే. శిబిరాలు దండగ అనను. ఆస్పత్రి సిబ్బందికి, తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ఆ టీకా తప్పనిసరి. కానీ శిబిరాలు ప్రసూతి గదికి ప్రత్యామ్నాయం కాలేవు.

ఈ జాప్యాన్ని ప్రభుత్వ పిసినారితనమని తోసేయడమూ తొందరపాటే. దేశంలో వైరస్ మోసేవాళ్లు 4.7 శాతమన్న అంచనా మీద అప్పట్లో గట్టి వాదం నడిచింది. తప్పుడు పాజిటివ్‌లు కలిశాయని, అసలు సంఖ్య అందులో సగానికన్నా తక్కువని కొందరు వైద్యులు అన్నారు. వాళ్ల అభ్యంతరంలో పస ఉంది. అయితే వంద కోట్ల జనాభాలో ఒకటిన్నర శాతమన్నా కోటిన్నర మంది! ఆ వాదం తేలేదాకా ఆగాల్సిన పని లేదు.

ధర దిగితే చాలన్న వాదం మరీ తేలిపోయేది పుట్టిన 24 గంటల్లో పడాల్సిన మొదటి డోసు దగ్గర. సీసాలో పది డోసులు. అర్ధరాత్రి ఒకే ఒక్క కాన్పు. తెరిస్తే మిగతా తొమ్మిదీ పారబోయాలేమో, పైవాళ్లు లెక్కడుగుతారేమో అని నర్సమ్మ వెనకాడేది. తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడుకోవచ్చని ఆ తర్వాత చెప్పినా భయం ఒక్కసారిగా పోలేదు. పైగా ఇది గడ్డకడితే పాడయ్యే టీకా. ఐస్‌ప్యాక్‌కు ఆనుకుని గడ్డకట్టిన సీసాను కరిగాక కుదిపి పక్కన పెడితే, పొడి పలుకులుగా విరిగి త్వరగా అడుగుకు దిగుతుంది. ‘షేక్ టెస్ట్’ అనేది అందుకే. ఇవేవీ ధర తగ్గితే తీరే చిక్కులు కావు.

ఇక సూది సంగతి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి చెలరేగి పదుల మంది పోయారు. అప్పటికి చౌక టీకా వచ్చి పన్నెండేళ్లు.

2018 జులై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్-సి విషయంలో ఇది మంచి పనే చేసింది: చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో నయమయ్యే జబ్బది. బి దగ్గర మాత్రం నాకు అంత భరోసా లేదు. 2022 నాటికి దేశంలో 2.98 కోట్ల మందికి బి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు. కళ్లు పచ్చబడితేనే కామెర్లని, పసరు మందుకో వాతకో పరిగెత్తే అలవాటు మనది. ఈ వైరస్ ఏళ్ల తరబడి కళ్లు పచ్చబడనివ్వకుండానే కాలేయాన్ని తినేస్తుంది.

గర్భిణికి పరీక్ష చేసి పాజిటివ్ అని కార్డు మీద రాస్తే సరిపోదు. బిడ్డకు టీకాతో పాటు ఇవ్వాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ (ప్రతిరక్షకాల సూదిమందు) కాన్పు జరిగే చోట సిద్ధంగా ఉండాలి, జిల్లా కేంద్రంలో కాదు. నివేదికలు మాత్రం పుట్టిన వెంటనే వేసే డోసు తర్వాతి మూడు డోసులు ఎంతమందికి పడ్డాయో ఘనంగా చూపిస్తాయి. మొదటి 24 గంటల శాతాన్ని, అదీ ప్రైవేటు నర్సింగ్‌హోముల కాన్పులతో కలిపి, విడిగా చూపని నివేదికను నేను నమ్మను.