మన జిల్లాలో మనం చూడని చోట్లు

బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లం సెలవులొస్తే తిరుపతి వెళతాం, లేకపోతే పూరీ వెళతాం. ఇంటికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన ఉన్న జౌగడను చూసినవాళ్లు మనలో ఎందరు? నేనూ నలభై దాటాకే చూశాను. అదీ పురుషోత్తంపురంలో ఒక పెళ్లికి వెళ్లి, మధ్యాహ్నం పొద్దుపోక.

ఋషికుల్య దగ్గర పాత మట్టికోట ఆనవాళ్లు, లోపల ఒక గుట్ట, ఆ రాతిమీద అశోకుడి శాసనాలు. ఒడియాలో జౌ అంటే లక్క. అందుకే ఇది లక్కకోట అని కథ. అక్షరాలు చాలామేర పెచ్చులూడిపోయాయి. 1850లో వీటికి నకలు తీసిన వాల్టర్ ఇలియట్ మనకు కొత్తవాడు కాదు. అంతకు అయిదేళ్ల ముందు అమరావతి స్తూపం తవ్వించి, శిల్పాలను మద్రాసుకు తరలించింది ఆయనే.

జౌగడలో ఉన్నదానికంటే లేనిది ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పద్నాలుగు శాసనాల్లో 11, 12, 13 ఇక్కడ లేవు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షా యాభైవేలమందిని తరలించారనీ, అందుకు తాను బాధపడ్డాననీ రాజు చెప్పుకున్నది ఆ పదమూడో శాసనంలోనే. అది కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. కళింగంలో లేదు! దాని బదులు సమాప అనే పట్నంలోని అధికారులకు రెండు ప్రత్యేక ఆజ్ఞలు చెక్కించాడు. ప్రజలు నా బిడ్డలు, అకారణంగా ఎవరినీ చెరలో పెట్టకండి, అసూయ, సోమరితనం, కోపం వదలండి అని వాటి సారాంశం. తిష్య నక్షత్రం రోజున జనానికి చదివి వినిపించమన్నాడు. ఇలాంటివే ధౌలిలోనూ ఉన్నాయి. 1989లో కర్ణాటకలోని సన్నతిలోనూ దొరికాయి. ఓడినవాళ్ల ముందు ఆ లెక్క చదివించడం రాజుకు సిగ్గనిపించిందా, ప్రమాదమనిపించిందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది.

గంజాం ఊళ్లోని పోటాగఢ్ కోట వేరే కథ. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే కంపెనీ దొర కట్టించిన నక్షత్రాకారపు కోట అది. 1815 నాటి విషజ్వరాలకు ఊరు ఊరే ఖాళీ అయింది. జిల్లాకు ఊరి పేరు మిగిలింది, అధికారం మాత్రం ఛత్రపురానికి పోయింది. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ జిల్లా మద్రాసు రాజధానిలోదే. వి.వి. గిరి గారు 1894లో బరంపురంలో పుట్టేనాటికి ఇక్కడ తెలుగు పరాయి భాష కాదు.

పిల్లలతో వెళితే ఆస్కా దగ్గరి భేట్నయిలో కృష్ణజింకలను చూపించండి. పంట మేసినా రైతులు వాటిని కొట్టరు. అవి ఉంటేనే వానలని వాళ్ల నమ్మకం. ఋషికుల్య మొగలో తాబేళ్లు లక్షల సంఖ్యలో గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1994లో. 2023లో ఆరు లక్షలు దాటాయి. అన్నేళ్లూ వస్తాయని మాత్రం లేదు. ఆ తీరాన పోడంపేట వంటి ఊళ్ల బెస్తవాళ్లు మాట్లాడేది తెలుగే. వాళ్లను ఇక్కడ నోలియాలంటారు. సముద్రం కోసేయడంతో పోడంపేట వాళ్లు పాత ఊరు విడిచి కొత్తచోట ఇళ్లు కట్టుకున్నారు.

చివరగా గోపాలపురం. మనవాళ్లు రంగూన్ ఓడ ఎక్కిన రేవుల్లో అదొకటి. ఆ రోజుల గోడల ముక్కలు ఒడ్డున చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. కానీ ఆ ప్రయాణాల సామాను మన ఇళ్లలోనే ఉంది: టేకు పెట్టెలు, లక్క గిన్నెలు, ఓడ చీట్లు, అన్నదమ్ములు రాసుకున్న ఉత్తరాలు. మా వీధిలో ఒకాయన ఇల్లు పడగొట్టించేటప్పుడు అలాంటి పెట్టెను కాగితాలతో సహా పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. నాకు తెలిసేసరికి బండి వీధి దాటిపోయింది.